బెత్తెడు రాగి గొట్టం

కొమరయ్య చూపుడువేలికి సంగతి అతని కంటే ముందే తెలిసింది.

సాగర్ రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ దిగేచోట, డివైడర్‌ను ఒరుసుకుని ఆగిన అంబాసిడర్ కింద వెల్లకిలా పడుకుని, వెనక చక్రాల వైపు చెయ్యి చాచి తడుముతున్నాడు. పెట్రోలైతే వేలికి చల్లగా తగిలి ఆరిపోతుంది. ఇంజన్ ఆయిలైతే జిడ్డుగా అంటుకుని వదలదు. ఇది రెండూ కాదు. పల్చగా, జారుడుగా ఉండి, చర్మం గీరుకున్న చోట సన్నగా మండించే బ్రేక్ ఆయిల్. ఆ తడి వెంట వేలు పాక్కుంటూ పోయి ఒక ఇత్తడి నట్టు దగ్గర ఆగింది. నట్టులోంచి బయటికి రావలసిన గొట్టం లేదు. అంగుళం అవతల, తెగిన మూతి వేలికి గీసుకుంది.

అది రాగి గొట్టం. పదహారు రోజుల కింద దాన్ని అక్కడ బిగించింది కొమరయ్యే.

చూడవలసింది చూసేశాక బయటికి రావాలి. అతను రాలేదు. ఉక్కపోతలో, తారు వేడికి వీపు కాలుతున్నా, బండి కిందే ఇంకాస్త నీడ దొరికినట్టు పడుకుని ఉండిపోయాడు. అక్కడి నుంచి మనుషుల కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ధనరాజ్ తెల్లబూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. డ్రైవర్ మట్టయ్య హవాయి చెప్పులు ఒకేచోట కదలకుండా ఉన్నాయి. ఆ కాళ్ళు వణుకుతున్నాయి.

“ఏమైందే కొమరన్నా? పండుకున్నవా ఏంది కింద?” అని పైనుంచి ధనరాజ్ గొంతు.

ధనరాజ్‌ది అల్మాస్‌గూడ. నిన్నమొన్నటి దాకా వ్యవసాయం, ఇప్పుడు ప్లాట్లు. ఇంట్లో కొత్త బండ్లు మూడున్నాయిగానీ, తల్లి సోమమ్మ మాత్రం మొగుడు డెబ్బై ఒకటిలో కొన్న ఈ అంబాసిడర్ తప్ప ఇంకోటి ఎక్కదు. కొత్త బండ్లలో కూర్చుంటే పాతాళంలో కూర్చున్నట్టుందంటుంది. ఆ పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో కంటి డాక్టరుకు చూపించుకుని వెనక్కి వస్తుంటే, ఫ్లైఓవర్ దిగువలో బ్రేక్ పెడల్ ఒక్కసారిగా అడుక్కి పడిపోయింది. బండి ఆగిందిగానీ ఆ కుదుపుకు సోమమ్మ నుదురు ముందు సీటుకు కొట్టుకుని చిట్లింది. కొడుకు వచ్చేసరికి ఆమె తువాలు అదిమిపెట్టుకుని, ఎవరో జామకాయల బండిమనిషి ఇచ్చిన స్టూలు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ధనరాజ్ తమ్ముడి బండిలో దవాఖానకు పోతోంది.

కొమరయ్య బయటికి వచ్చాడు. నడుముకు చెక్కుకున్న పాతగుడ్డ తీసి చెయ్యి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, గోళ్ళ సందుల్లో కూడా తుడుచుకున్నాడు. చంపాపేట్‌లో అతని షెడ్డుకు బోర్డు లేదు. అవసరం పడలేదు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పాత అంబాసిడర్, పాత ఫియట్ ఉన్న ప్రతివాడికీ కొమరయ్య కావాలి. బ్యానెట్ ఎత్తక ముందే, వాసన చూసి, ఎక్కడ పెట్రోలు కారుతోందో చెబుతాడని పేరు. ఆ పేరు ముప్పై ఏళ్ళది. గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నంతసేపూ అతనికి ఆ పేరే గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చున్న ముసలామె గుర్తు రాలేదు.

“ఆయిల్ చూస్కోవాలె గదా సార్,” అన్నాడు. “పొద్దుగాల బండి తియ్యంగనే మూత ఇప్పి చూస్కోవాలె. ఏది దొరికితే గది పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బుతయి. గట్లయితే ఎంత మంచి బండైనా ఏం చేస్తది?”

ఎవరి పేరూ ఎత్తలేదు. పేరెత్తకుండా మనిషిని చూపించడం ఎలాగో ఆ నిమిషంలో అతనికి బ్రహ్మాండంగా చేతనయింది.

“నేను చూస్తనే ఉన్న సార్,” అన్నాడు మట్టయ్య. “తగ్గితే పోస్తనే ఉన్న. మొన్న గూడ…”

మిగతా మాట బయటికి రాలేదు. ధనరాజ్ చెయ్యి అతని చెంప మీద పడింది. నడిరోడ్డు మీద, పదిమంది బండ్లు ఆపి చూస్తుండగా, ఒకడు ఫోను పైకెత్తి వీడియో తీస్తుండగా. “మా అమ్మ సచ్చిపోతుండె గదరా! తాళాలియ్యి. ఇగ మా ఇంటి దిక్కు రాకు!”

మట్టయ్య వయసు నలభై ఎనిమిది. పదకొండేళ్ళుగా ఆ బండి తోలుతున్నాడు. తాళాలు ఇచ్చాడు. చెంప పట్టుకోలేదు. కొమరయ్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేదు. డాక్టరు ఏదో పెద్ద రోగం పేరు చెబితే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

కొమరయ్య గుడ్డను మళ్ళీ మడిచి నడుముకు చెక్కుకున్నాడు.

*

బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మర్నాడు శుక్రవారం పొద్దున్నే కొమరయ్య వెనక భాగం జాకీలతో లేపి, కింద చెక్కదిమ్మలు పేర్చి, బండి కదలకుండా ఉందో లేదో రెండు చేతులతో ఊపి చూసుకుని కిందికి దూరాడు. ఈ జాగ్రత్తలకు అతనికి ఎవరూ వంక పెట్టలేరు.

నట్టు విప్పాడు. తెగిన గొట్టంలో మూతి వైపు బెత్తెడు ముక్క కోసి చేతిలోకి తీసుకున్నాడు. వెలుగులోకి తెచ్చి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. విరిగిన అంచు చుట్టూ సగం నల్లగా ఉంది. మిగతా సగం తళతళా మెరుస్తోంది. నల్లగా ఉన్నది ఎప్పుడో పగిలింది. మెరిసేది నిన్న తెగింది. అంటే పగులు మొదలై రోజులైంది. రోజుకింత చొప్పున కారుతూనే ఉంది.

అప్పుడు అతనికి మట్టయ్య ఫోను గుర్తొచ్చింది. వారం కిందటి ఫోను. “అన్నా, ఆయిల్ జర తగ్గుతున్నది. మంచిదే డబ్బ కొనుక్కొచ్చి పోసిన. ఒకపారి చూస్తవా?” అని. “కొత్త పైపు గదనే, లోపల గాలి పోతే సర్దుకుంటది. పరేషాన్ గాకు,” అని తనిచ్చిన జవాబు కూడా గుర్తొచ్చింది. ఆ వేళ ఇంకో బండి కింద ఉన్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడాడు.

అసలు ఆ బండి షెడ్డుకు వచ్చింది బ్రేకుల కోసం కాదు. ఈ మధ్య వస్తున్న పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు ఆగడం లేదు. మెత్తబడి, చిట్లి, ఇంజన్ వేడి మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి. పాత బండ్లవాళ్ళందరినీ పిలిచి, నిప్పంటుకుంటే బండితో పాటు మీరూ పోతారని తిట్టి మరీ గొట్టాలు మార్పించింది కొమరయ్యే. ఎక్కడ వీలైతే అక్కడ రబ్బరు తీసేసి, ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే రాగి గొట్టం వేస్తాడు. ముప్పై ఏళ్ళలో అతను వేసిన రాగి గొట్టం నుంచి ఒక్క పెట్రోలు చుక్క కారలేదు. ఈ అంబాసిడర్‌కూ అలాగే వేశాడు. వేస్తుంటే పక్కనే బ్రేకు గొట్టం తుప్పు పట్టి కనిపించింది. దానికి ఉక్కుది వేయాలి. మూతిని రెండు మడతలు మడిచి బిగించాలి. ఆ సరుకు రావడానికి మూడు రోజులంటున్నారు. సోమమ్మకు తెల్లారి యాదగిరిగుట్ట పోవాలని ఉంది. చేతిలో ఆరడుగుల రాగి మిగిలింది.

పెట్రోలు మోసింది బ్రేకు ఆయిల్ మోయదా అనుకున్నాడు.

పెట్రోలు గొట్టంలో ఊరికే పారుతుంది. బ్రేకు ఆయిల్ అలా కాదు. కాలు పెడల్ మీద పడ్డ ప్రతిసారీ లోపల సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. పైగా ఆ కాలం బండిలో నాలుగు చక్రాలకూ ఒకటే దారి. ఒక్కచోట తెగితే నాలుగూ పోతాయి. ఇవన్నీ అతనికి తెలియనివి కావు. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొట్టమొదట చెప్పే పాఠమే అది. తెలిసిన మనిషి చేశాడు కనకే అది పొరపాటు కూడా కాలేదు.

ముక్కను చెత్తడబ్బాలో వేయబోయాడు. చెయ్యి ఒప్పుకోలేదు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

*

శనివారం పదింటికి మట్టయ్య వచ్చాడు. కొమరయ్య అతన్ని దూరం నుంచే చూసి, పని లేకపోయినా ఒక స్పానర్ తీసుకుని వంగాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాడు. తిడితే పడదామని కూడా మనసులో ఒక మూల సిద్ధపడ్డాడు.

మట్టయ్య చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులోంచి బ్రేక్ ఆయిల్ డబ్బా తీసి, రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

“అన్నా, గిదే పోసిన. కొత్తపేటల కొన్న. షాపాయనను నాలుగుసార్లడిగిన, పాత అంబాసిడర్‌కు పోస్తరా అని. పోస్తరన్నడు. మరి యాడ తప్పు జేసిన్నో జర చూడు.”

కొమరయ్య డబ్బా అందుకున్నాడు. తను ఎప్పుడూ వాడే రకమే. అదే నంబరు. మూత విప్పి వాసన చూశాడు. కాస్త వేలి మీద వేసుకుని వెలుగులో చూశాడు. మంచినీళ్ళంత స్వచ్ఛంగా ఉంది. మట్టయ్య అతని ముఖంలోకే చూస్తున్నాడు, పరీక్ష రాసి వచ్చినవాడిలా.

“తప్పు ఆయిలేనా అన్నా?”

కాదు అనే మాటకు రెండు అక్షరాలు. కొమరయ్యకు అవి నోట్లోనే ఉన్నాయి.

“పెట్టిపో,” అన్నాడు. “చూస్త.”

మట్టయ్య తల ఊపాడు. స్టూలు చూపించినా కూర్చోలేదు. “నీ పేరు గూడ ఖరాబు జేసిన అన్నా. ముప్పై ఏండ్ల సంది నీ చేతి పని మీద ఒకరు మాటనలే. నావల్ల మాటొచ్చింది. మాఫ్ చెయ్యి.”

ఇంత మాట విన్నాక కూడా భూమి అలాగే ఉంది. చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద బస్సులు అలాగే పోతున్నాయి. కొమరయ్య స్పానర్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“ఇగ తోల్తలేనన్నా,” అన్నాడు మట్టయ్య. “అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ పని మాట్లాడుకున్న. నాకు నా కాళ్ళ మీద నమ్మకం పోయింది. రాత్రి పండుకుంటే గదే. పెడల్ నొక్కుతున్న, నొక్కుతున్న, అడుక్కి పోతున్నది. సరిగ్గ నొక్కలేదేమో అనిపిస్తది. అమ్మ నొసలు మీద నెత్తురు కండ్లల్ల మెదుల్తది.”

“మరెట్ల ఆపినవ్?” అని అడిగాడు కొమరయ్య. అప్పటిదాకా ఆ ప్రశ్న అడగాలని అతనికే కాదు, ఎవరికీ తోచలేదు.

“ఏమో అన్నా. గేరు రెండుకు గుంజిన. హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెం గుంజిన, ఒక్కసారి గుంజితే తిరిగిపడ్తదని. ముంగట స్కూటర్ మీద ఆలుమొగలు ఉండిరి, పిల్ల గూడ ఉండె. గటు పోవద్దని డివైడర్‌కు చక్రాలు రాపిచ్చిన. బండి పక్క మొత్తం గీకుడు పడ్డది. సార్‌కు గా గీకుడు గూడ కోపమే ఉండొచ్చు.”

తప్పు చేసినవాడిలా నవ్వి, చెప్పులు సర్దుకుని వెళ్ళిపోయాడు. కొమరయ్య ఆ డబ్బాను బల్ల మీది నుంచి తీసి కనపడకుండా అలమారలో పెట్టాడు. కాసేపటికి మళ్ళీ బయటికి తీసి బల్ల మీదే పెట్టాడు. ఎక్కడ పెట్టినా అది అతన్నే చూస్తోంది.

ఆ సాయంత్రం చొక్కా ఉతకబోతూ జేబులో చెయ్యి పెట్టిన భార్య ఎలీశమ్మకు ముక్క దొరికింది. “ఇదేందయ్యా, జేబంత మరకైంది?”

“ఏం లేదు. పనిది.”

ముప్పై ఏళ్ళ కాపురంలో పనికి సంబంధించిన ఏ నట్టూ అతను ఇంటికి మోసుకురాలేదు. ఎలీశమ్మ ఇంకేమీ అడగలేదు. ముక్కను కడిగి, తుడిచి, అతని కళ్ళజోడు పక్కన పెట్టింది.

*

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు బల్ల ఉంది, నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన.

రొట్టెముక్కల పళ్ళెం వరుస వెంట చేతులు మారుతూ వస్తుంది. దాని వెనకే చిన్న గ్లాసుల ట్రే. పళ్ళెం కదలకముందు పాస్టరు గారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు, ఎవరిని వారు పరీక్షించుకోమని, తీరని తప్పు ఉంటే రొట్టె ముట్టవద్దని. ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఇన్నేళ్ళుగా ఆ నిశ్శబ్దంలో కొమరయ్య షెడ్డులో మిగిలిపోయిన పనులు లెక్కపెట్టుకునేవాడు. ఎప్పుడూ చాలినంత సమయం ఉండేది కాదు. ఈసారి అది ఎంతకీ అవలేదు.

పళ్ళెం వచ్చింది. పట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా పొట్టు లేచి ఉంది, బ్రేక్ ఆయిల్ తగిలిన చోటల్లా. పెయింటునే ఊడగొట్టే ఆయిల్ అది. చర్మం ఒక లెక్కా! తీసుకోకుండా పళ్ళెం ఎలీశమ్మకు అందించాడు. గ్లాసుల ట్రే కూడా అలాగే అందించాడు.

మాటతో చెప్పుకునే అవసరం లేదు. చర్చిలో పళ్ళెం దాటిస్తే వెనక మూడు వరుసలకు తెలుస్తుంది. కొమరయ్య సంఘంలో పెద్ద. కానుకలు పట్టే మనిషి. వెనక ఎవరో దగ్గారు. అతని చెవులు కాలిపోయాయి. పెళ్ళాం రొట్టె తీసుకుంది, గ్లాసు తాగింది, కొంగుతో పెదాలు అద్దుకుంది. అతని వైపు తిరగలేదు.

ఇంటికి నడుస్తుంటే అంది. “ఎవరితోని ఏమున్నదో నాకెరకలేదు. నేనడుగ. పోయి తేల్చుకో.”

“ఊ.”

“నెల దినాలు ఆగకు, మల్ల బల్ల ఒచ్చేదాంక.”

*

సోమవారం పొద్దున అల్మాస్‌గూడ పోయాడు. దారి పొడుగునా చెప్పవలసిన మాట కూర్చుకున్నాడు. ధనరాజ్ ఇంటి కింది భాగమే ఆఫీసు. గోడ మీద ప్లాట్ల మ్యాపులు, కుర్చీల్లో నలుగురు మనుషులు, చాయ్. ధనరాజ్ ఆదరంగానే పిలిచాడు. “రా కొమరన్నా! బండయిందా?”

“ఒక మాట చెప్పాలె సార్. పక్కకొస్తరా?”

పక్కకు పిలవడంతోనే సగం చెడిందని అతనికి తెలుసు. మట్టయ్యను ఎవరూ పక్కకు పిలిచి కొట్టలేదు.

వరండాలో నిలబడి చెప్పాడు. దారిలో కూర్చుకున్న మాట ఒకటి, వచ్చిన మాట ఇంకొకటి. “మట్టయ్యది తప్పు లేదు సార్. నేనేసిన పైపుల తేడా ఉండె. షెడ్డుకు తెచ్చి ఇప్పినంక తెల్సింది.”

ఇప్పినంక తెల్సింది. ఆ రెండు మాటలూ ఎక్కడి నుంచి వచ్చాయో! తప్పు ఒప్పుకుంటూనే, అందులోనూ తన కోసం ఒక మెత్తటి చోటు చూసుకున్నాడు.

ధనరాజ్ ముందు కొమరయ్య వైపు చూశాడు. తర్వాత తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

“ఎవరికన్న చెప్పినవా?”

“లేదు సార్.”

“చెప్పకు. నడిరోడ్డు మీద కొట్టిన. వీడియో గూడ మావోళ్ళందరికీ పోయింది. ఇప్పుడు తప్పు లేదంటే నేనేం గావాలె? కొత్త డ్రైవర్ను గూడ మాట్లాడిన. మట్టయ్యకు ఎన్నడన్న ఏదన్న చేద్దాంతియ్యి.” భుజం తట్టాడు. “మిషన్లన్నంక అయితయి. నువ్వు మా నాయన కాలం మనిషివి. మంచిగ జేసి పంపు.”

అంతే. తిట్టలేదు, పని మాన్పించలేదు. మట్టయ్యకు దొరకనిది తనకు ఇంత తేలిగ్గా దొరికిపోయింది. భుజం మీద ఆ చెయ్యి పడ్డచోట కొమరయ్యకు చెంపదెబ్బ కంటే ఎక్కువ మంట పుట్టింది.

గేటు దగ్గర సోమమ్మ ఎదురైంది. నుదుటి మీద కట్టు, చేతిలో తులసికి పోసిన ఖాళీ చెంబు. “కొమరయ్యా, మట్టయ్య ఒస్తలేడేంది? పానం బాగలేదా?” అని అడిగింది. “గాయన లేకుంటే నేను గారోజే పోదును. ‘అమ్మా, ముంగటి సీటు గట్టిగ పట్టుకో, నేనున్న’ అన్నడు. నేనే పట్టుకోలే. ఒస్తే చెప్పు, ఒకపారి రమ్మన్ననని.”

“చెప్తనమ్మా,” అన్నాడు కొమరయ్య. గేటు గడియ వేయడం కూడా మరిచి వచ్చేశాడు.

*

ఉక్కు గొట్టం అదే రోజు సాయంత్రం వచ్చింది. మంగళవారం పొద్దున దాన్ని వంపు వంపుకూ చేత్తో కొలిచి వంచాడు. మూతులు రెండు మడతలు మడిచి, మడత మీద వేలు తిప్పి చూసుకుని బిగించాడు. బండి అడుగుకు ఒరుసుకోకుండా జానెడుకొక క్లిప్పు వేశాడు. నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్‌లోంచి గాలి తీయాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు లోపల కూర్చుని పెడల్ నొక్కి పట్టాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం వెనక నిప్పల్ అనే చిన్న మర వదులు చేసి గాలి పోనిచ్చి మళ్ళీ బిగించాలి. నొక్కు, పట్టు, వదులు. పదకొండేళ్ళుగా ఈ బండికి ఆ పెడల్ మీద కాలు మట్టయ్యదే.

ఫోను చేశాడు. అపార్ట్‌మెంట్‌లో చెప్పి, గంటలో వచ్చేశాడు మట్టయ్య. బండి పక్కన పడ్డ గీతల మీద అరచేయి పెట్టి చూశాడు. డ్రైవర్ సీట్లోకి ఎక్కడానికి కాస్త జంకాడు.

“నడిపేది లేదు గదా అన్నా?”

“లేదు. నొక్కుడే.”

ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టారు. “నొక్కు.” పెడల్ చప్పుడు, మూడు సార్లు. “పట్టు.” నిప్పల్ విప్పగానే ఆయిల్ బుడగలు బుడగలుగా సీసాలోకి వచ్చింది. బిగించి, “వదులు.” అలా బుడగలు ఆగిపోయేదాకా. తర్వాత కుడి వెనకది, ఎడమ ముందుది. పొద్దెక్కింది. ఇద్దరి మధ్యా ఆ మూడు మాటలు తప్ప నాలుగో మాట లేదు. ఏ మాటకు ఎంతసేపో ఇద్దరికీ తెలుసు.

కుడి ముందు చక్రం ఆఖరిది. మట్టయ్య కూర్చున్న తలుపుకు సరిగ్గా కిందే. కొమరయ్య అక్కడికి జరిగి స్పానర్ నిప్పల్‌కు తగిలించాడు.

“నొక్కు.”

నొక్కాడు.

“పట్టు.”

పట్టాడు. కొమరయ్య నిప్పల్ విప్పలేదు. బండి అడుగు వైపు చూస్తూ, “మట్టయ్యా,” అన్నాడు. “నీ ఆయిల్ మంచిదే. నువ్వు జేసింది ఏం తప్పు లేదు. నేనేసిన పైపు తెగింది. పెట్రోలుకేసే రాగి పైపు బ్రేకులకేసిన. నువ్వు ఫోన్ జేసినప్పుడన్న చూడాల్సుండె. చూడలే.”

పెడల్ మెల్లగా పైకి వచ్చిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. హవాయి చెప్పుల కాళ్ళు రెండు కొమరయ్య ముఖానికి మూరెడు దూరంలో నేల మీదికి దిగాయి. ఈసారి వణకడం లేదు.

“గా ముక్క ఉన్నదా?”

కొమరయ్య జేబులోంచి తీసి చెయ్యి బయటికి చాచాడు. పైనుంచి ఒక చెయ్యి వచ్చి తీసుకుంది. చాలాసేపు ఆ కాళ్ళు అక్కడే ఉన్నాయి.

“సార్ కొట్టినప్పుడు నువ్వు గుడ్డతోని చేతులు తుడ్సుకుంటున్నవన్నా.”

“ఊ.”

“బండి కిందికి పోయినప్పుడు పైపు తెగింది చూసి చెప్పినవా, చూడకనే చెప్పినవా?”

చూడకనే అన్నా ఎవరికీ తెలియదు. ధనరాజ్‌కు చెప్పినట్టే చెప్పవచ్చు. చూడకుండా నోరు జారిన మనిషిని మట్టయ్య క్షమించేస్తాడు కూడా. ఆ సంగతి కొమరయ్యకు బాగా తెలుసు. అతని కాళ్ళ వైపు చూశాడు. మడమలు పగిలి ఉన్నాయి. కుడి కాలి బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. ఆ రోజు పెడల్ అడుక్కి కొట్టుకున్నప్పుడు నలిగిందన్నమాట.

“చూసి చెప్పిన,” అన్నాడు. “చేతులకు ఆయిల్ గూడ అంటింది. తెల్సే చెప్పిన.”

రోడ్డు మీద ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక కిక్కు కొడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

“గారోజు సంది నేను నా కాళ్ళను తిట్టుకుంటున్న అన్నా,” అన్నాడు చివరికి. గొంతు పెద్దది చేయలేదు. “ఒకసారి గోడకు గూడ తన్నిన, మీకు బ్రేక్ నొక్కుడు రాదా అని.”

కొమరయ్య కళ్ళు మూసుకున్నాడు. బండి కింద ఉన్నందుకు, ఆ నీడకు, సిగ్గుపడుతూనే మొక్కుకున్నాడు.

“సార్‌కు చెప్పినవా?”

“చెప్పిన. ఇప్పినంక తెల్సిందని చెప్పిన. అబద్ధం. అది గూడ పక్కకు పిల్చి చెప్పిన.”

“మల్ల చెప్పాలె. మ్యాపుల కాడ నలుగురు కూసుంటరు గదా, గాళ్ళ ముంగట. అమ్మ ముంగట. నేను గూడ ఉంట. ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పాలె.” ఆగాడు. “బండి నేనే తోల్కపోత. నువ్వు పక్కన కూసో.”

“సరే.”

“నౌకరి కోసం గాదు. మల్ల పెట్టుకుంటనన్న గూడ ఒస్తనో రానో. ఆ ముచ్చట నాది.”

“సరే మట్టయ్యా.”

హవాయి చెప్పులు నేల మీది నుంచి లేచాయి. వెళ్ళిపోతాడనుకున్నాడు. తలుపు పడింది, సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. పెడల్ చప్పుడు, ఒకటి, రెండు, మూడు.

“నొక్కిన,” అన్నాడు పైనుంచి మట్టయ్య. “పట్టుకున్న. కానియ్యి. ముసలమ్మ కూసునే బండి, ఆగాలె గదా.”

కొమరయ్య స్పానర్ తిప్పాడు. ఆయిల్ సీసాలోకి ధారగా వచ్చింది. మొదట రెండు బుడగలు, తర్వాత ఒకటి, తర్వాత ఒక్కటీ లేవు. నిప్పల్ బిగించాడు. ఇంక వదులు అనాలి. ఆ పొద్దున్నే నలభైసార్లు అన్న మాట, ముప్పై ఏళ్ళలో ఎన్ని వేలసార్లు అన్నాడో. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా బ్రేక్ ఆయిల్.

పైన మట్టయ్య అడగలేదు. తొందర పెట్టలేదు. కింద నుంచి మాట వచ్చేదాకా వదలకూడదని అతనికి తెలుసు. ఆ కమిలిన గోరున్న కాలు పెడల్‌ను పైకి రానివ్వకుండా, గట్టిగా నొక్కి పట్టుకునే ఉంది.